ఎన్‌బీఏ 2కే, వీసీ, ప్యాక్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మీద తీసే వీడియో గేమ్ 2కే, ఏటా సెప్టెంబరులో కొత్తది వస్తుంది. దాంతోపాటే నాకు అవే మెసేజ్‌లు వస్తాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా కజిన్ కొడుకు నుంచి ఒకటి, కూకట్‌పల్లి హాస్టల్ కుర్రాళ్ల నుంచి నాలుగు, "మా వాడు కార్డు గీకేశాడు" అంటూ తల్లిదండ్రుల నుంచి ఒకటో రెండో. విడివిడిగా టైప్ చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట పెట్టాను. మీ డౌట్ ఎక్కడుందో నేరుగా అక్కడికే వెళ్లండి, మిగతావి చదవకపోయినా ఫర్వాలేదు. ఒక మాట ముందే చెప్పేస్తాను: నాకు ఈ ఆటంటే ఇష్టం, దాని లోపల పెట్టిన కొట్టంటే ఒళ్లు మంట.

## కొనే ముందు

ఇంతమంది తిడుతున్నారు కదా, ఆట నిజంగా అంత చెత్తగా ఉంటుందా?

ఉండదు. చిరాకు పుట్టించేదీ అదే. చెత్త ఆటైతే పక్కన పడేసి క్రికెట్ చూసుకునేవాళ్లం. 1999లో సెగా డ్రీమ్‌కాస్ట్ మీద, అలెన్ ఐవర్సన్ బొమ్మతో మొదటి 2కే వచ్చినప్పటి నుంచి విజువల్ కాన్సెప్ట్స్ స్టూడియోనే దీన్ని తయారు చేస్తోంది. 2005లో ఆ స్టూడియోని టేక్-టూ కంపెనీ కొనుక్కుంది. కోర్టు మీద వాళ్ల పనితనానికి వంక పెట్టలేం. స్టార్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ బంతి వదిలాక మణికట్టు ఎలా వంగుతుందో, యోకిచ్ ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ ఎంత తాపీగా షాట్ వేస్తాడో చూస్తే టీవీలో మ్యాచా, గేమా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. తిట్లన్నీ ఆ కోర్టు చుట్టూ కట్టిన బజారుకే.

వీసీ అంటే ఏంటి? అది లేకుండా ఆడలేమా?

వీసీ అంటే వర్చువల్ కరెన్సీ, గేమ్ లోపలి డబ్బు. 2012లో వచ్చిన 2కే13తో మొదలైంది. మ్యాచ్‌లు ఆడితే కొంచెం వస్తుంది, కార్డు గీకితే బోలెడు వస్తుంది. మైకెరీర్‌లో మీ సొంత ప్లేయర్‌కి నైపుణ్యాలు పెంచడానికీ, అతనికి బట్టలు, బూట్లు కొనడానికీ, మైటీమ్‌లో కార్డుల ప్యాక్‌లు (ఒక్కో కార్డు ఒక్కో ఆటగాడు, వాటితోనే జట్టు కట్టాలి) తెరవడానికీ ఇదే కావాలి. అన్నిటికీ ఒకటే పర్సు. షోకుకి ఖర్చు పెడితే ఆటకి మిగలదు, ఆటకి పెడితే ఊరంతా తిరిగినా పాత చొక్కానే. ఎన్ని విమర్శలొచ్చినా ఈ ఒక్క పర్సుని మాత్రం వాళ్లు రెండుగా చేయలేదు. ఊరికే ఒక మ్యాచ్ ఆడుకునే ప్లే నౌ, జట్టుని నడిపే మైఎన్‌బీఏ లాంటి మోడ్‌లకి వీసీతో పని లేదు.

వేలు పోసి గేమ్ కొన్నాక మళ్లీ లోపల డబ్బులు అడగడమేంటి?

నుమాయిష్‌కి వెళ్తే గేటు దగ్గర టికెట్ తీసుకుంటాం, లోపల జెయింట్ వీల్‌కి మళ్లీ కొంటాం. అందులో మోసం లేదు, గేటు టికెట్ కొద్దిపాటిదే కాబట్టి. 2కే గేటు టికెట్ అలాంటిది కాదు. కొత్త తరం కన్సోళ్ల మీద 70 డాలర్ల ధర పెడుతున్నామని అందరికంటే ముందు, 2020 జులైలో ప్రకటించింది 2కే21కే. గేటు దగ్గర ఫుల్ రేటు, లోపల వీల్ దగ్గర మళ్లీ ఫుల్ రేటు.

కారణం దాచిపెట్టిందేం కాదు. ప్రతి గేమ్‌లోనూ ఆటగాళ్లు మళ్లీ మళ్లీ ఖర్చు పెట్టే అవకాశం ఉండాలన్నది తమ లక్ష్యమని టేక్-టూ అధిపతి స్ట్రాస్ జెల్నిక్ 2017లోనే ఇన్వెస్టర్లకి చెప్పారు. 2022లో జింగా అనే మొబైల్ గేముల కంపెనీని కొన్నాక, టేక్-టూ బుకింగ్స్‌లో (మొత్తం అమ్మకాల్లో) నాలుగింట మూడు వంతులకు పైగా ఇలాంటి ఖర్చు నుంచే వస్తోంది. నిజానికి 1993లో వచ్చిన ఎన్‌బీఏ జామ్ మెషీన్ కూడా అమెరికా ఆర్కేడ్‌లలో పిల్లల చిల్లరంతా మింగింది. కాకపోతే ఆ మెషీన్‌ని ముందు కొనుక్కోమని ఎవరూ అనలేదు.

పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 2కే24కి అంత ఘోరమైన రేటింగ్ ఎందుకొచ్చింది?

2023 సెప్టెంబరులో అది విడుదలైన వెంటనే స్టీమ్‌లో అత్యంత చెడ్డ పేరు తెచ్చుకున్న గేముల్లో ఒకటైపోయింది. పాజిటివ్ రివ్యూలు పదో వంతు చుట్టుపక్కలే ఉన్నాయి. కవర్ మీద కోబీ బ్రయంట్ ఉన్నాడు కాబట్టి అభిమానులకి ఇంకాస్త మండింది. కారణాలు ఒకటి కాదు. పీసీ వాళ్లకి పీఎస్5 వెర్షన్ ఇవ్వకుండా పాత తరం వెర్షనే మళ్లీ అంటగట్టారు. ఆన్‌లైన్‌లో చీటర్ల బెడద. మైటీమ్‌లో ఆటగాళ్లు ఒకరితో ఒకరు కార్డులు అమ్ముకునే వేలంశాలని ఎత్తేశారు. వీసీ ప్యాక్‌లలో 150 డాలర్లదాన్ని చేర్చారు, అంటే గేమ్ ధరకి రెట్టింపు దాటింది. వీటికితోడు వాడకపోతే బ్యాడ్జీల (ప్లేయర్ ప్రత్యేక నైపుణ్యాల) స్థాయి దిగిపోయే పద్ధతొకటి తెచ్చారు. సెలవు పెట్టినందుకు జీతం కోసినట్టు. పీసీ వాళ్లకి అసలైన కొత్త తరం వెర్షన్ అందింది మరుసటి ఏడు, 2కే25తో.

పాతదైతే చౌకగా వస్తోంది. పోయినేడాదిది కొంటే తప్పేంటి?

ఒంటరిగా ఆడుకునేవాళ్లకి తప్పు లేకపోగా అదే తెలివైన పని. కొత్తది వచ్చిన కొన్ని నెలలకే ధర సగానికీ, అంతకన్నా కిందికీ పడుతుంది. ఒక్కోసారి ఊరికే కూడా ఇస్తారు: 2021 మేలో ఎపిక్ స్టోర్ 2కే21ని ఉచితంగా ఇచ్చింది, 2025 జూన్‌లో 2కే25 పీఎస్ ప్లస్ చందాదారులకి వచ్చింది. గేమ్ ధర పడిపోయినా లోపలి వీసీ రేటు దాంతోపాటు పడదు. కోడిపెట్టని ఊరికే ఇచ్చి దాణా మాత్రం మా కొట్లోనే కొనమన్నట్టు. ఆన్‌లైన్ కోసమే కొనేటట్టయితే, సర్వర్లు ఎప్పటిదాకా ఉంటాయో చూసుకుని కొనండి.

ఫోన్‌లో ఆడితే ఈ గొడవ ఉండదా?

ఏ ఫోన్, ఏ గేమ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆపిల్ ఆర్కేడ్‌లో ఉండే 2కే ఆర్కేడ్ ఎడిషన్‌లో లోపల కొనేది ఏమీ లేదు, నెలకి చందా కడితే చాలు. అదే బ్రాండు, అదే లీగ్, కొట్టు మాత్రం లేదు. ఆ కొట్టు లేకుండా కూడా బాస్కెట్‌బాల్ గేమ్ నడుస్తుందని వాళ్లే నిరూపించినట్టయింది. ఆండ్రాయిడ్‌లో దొరికే 2కే మొబైల్ వేరు, అది ఉచితంగా దిగి ప్యాక్‌ల మీద బతికే కార్డుల ఆట.

## మైకెరీర్ మొదలుపెట్టాక

నా ప్లేయర్ ఎవరూ అడ్డం లేని లేఅప్ (బుట్ట పక్క నుంచి వేసే తేలిక షాట్) కూడా వేయలేకపోతున్నాడు. నాకు ఆడటం రాదా?

మీకు వచ్చు. వాడికే రాదు. కొత్త ప్లేయర్ సాధారణంగా 60 రేటింగ్ దగ్గర మొదలవుతాడు. ఎన్‌బీఏ స్థాయి ఆటగాడన్న కథతో తీసుకొచ్చి, బుట్ట కింద ఒంటరిగా నిలబడ్డా బంతి రింగుకి కొట్టుకుని బయటికి పోయేలా చేస్తారు. పరుగు తీయమంటే నీళ్లలో నడుస్తున్నట్టు కదులుతాడు. పక్కన ప్రత్యర్థి సెంటర్ చేయి చాపితే చాలు, డ్రిబుల్ పోతుంది.

ఇప్పుడు మెనూలో అప్‌గ్రేడ్ తెర తెరవండి. త్రీ పాయింట్, బాల్ హ్యాండిల్, స్పీడ్, ఒక్కోదాని పక్కన ఒక్కో గీత. ఒక పాయింటు పెంచితే గీత రవ్వంత నిండుతుంది, కిందనున్న వీసీ అంకె కొంచెం పెరుగుతుంది. మొదట్లో పాయింట్లు చౌక. 80 దాటాక ఒక్కో పాయింటుకీ రేటు ఎక్కుతూ పోతుంది. మీ దగ్గర చాలినంత లేకపోతే ఆ తెర మీద నుంచే కొనుక్కునే దారి ఉంటుంది. మొదటి పది మ్యాచ్‌ల అవమానానికీ ఆ బటన్‌కీ సంబంధం లేదని నన్ను నమ్మించడం కష్టం.

పైసా పెట్టకుండా ఆడితే ఎన్ని రోజులు పడుతుంది?

కాగితం మీద లెక్క వేద్దాం. ప్లేయర్‌ని 60 నుంచి 85 చుట్టుపక్కలకి తేవడానికి ఇటీవలి ఎడిషన్లలో సుమారు 2 లక్షల వీసీ అవుతుంది. ఒక మైకెరీర్ మ్యాచ్‌కి, కష్టం స్థాయినీ మీ ఆటనీ బట్టి, 1,000 అటూ ఇటూ వస్తుందనుకోండి. అంటే 200 మ్యాచ్‌లు. టైమౌట్లు, ఫ్రీత్రోలు, లోడింగ్ కలిపి మ్యాచ్‌కి అరగంట వేసుకున్నా 100 గంటలు. రోజూ గంట ఆడేవాడికి మూడు నెలలు దాటుతుంది. ఎండార్స్‌మెంట్లు, రోజువారీ చక్రం, సీజన్ బహుమతులు కొంత తగ్గిస్తాయి. బట్టలు కొంటే మళ్లీ పెరుగుతుంది.

గానుగెద్దులా తిరగడం కొందరికి సరదానే, దాన్ని తప్పుపట్టను. ఖర్చు పెట్టకుండా ఆడేవాళ్లు తమని గర్వంగా 'నో మనీ స్పెంట్' అని పిలుచుకుంటారు. అయితే ఆ మూడు నెలలూ అయ్యేది ఒక్క బిల్డ్‌కే, అంటే ఒక రకం ప్లేయర్‌కే. గార్డ్‌ని పెంచాక సెంటర్‌గా ఆడాలనిపిస్తే మళ్లీ సున్నా నుంచే.

సరే, ఒకసారి పెట్టేద్దామనుకుంటున్నా. ఎంత అవుతుంది?

అమెరికా రేట్లలో చెప్తాను, మన స్టోర్లలో రూపాయల రేటు వేరుగా ఉంటుంది. 2కే24 నాటికి 2 డాలర్లకి 5,000 వీసీ, 5 డాలర్లకి 15,000, 10కి 35,000, 20కి 75,000, 50కి 2,00,000, 100కి 4,50,000, 150కి 7,00,000 (అన్నిట్లో ఒక సెంటు తక్కువ, బాటా చెప్పుల రేటులాగా). చిన్న ప్యాక్‌లో డాలరుకి సుమారు 2,500 వీసీ వస్తే, అతి పెద్దదాంట్లో 4,700 దాకా వస్తుంది. పేదవాడికి రేటెక్కువ, పెట్టగలిగినవాడికి తక్కువ.

ఒక ప్లేయర్‌ని ఆడదగ్గ స్థాయికి తేవడానికి అవసరమయ్యే వీసీ 50 డాలర్ల ప్యాక్‌కి ఇంచుమించు సరిపోతుంది. అంటే 70 డాలర్ల గేమ్ నిజానికి 120 డాలర్ల గేమ్. ఇవి కాక, 2కే24 నుంచి సీజన్ సీజన్‌కీ డబ్బు కట్టే పాస్‌లు వచ్చాయి, ప్రో పాస్ 10, హాల్ ఆఫ్ ఫేమ్ పాస్ 20 డాలర్లు. సీజన్ అంటే ఆరు వారాలు అటూ ఇటూ. 'ఒకసారి' అనుకున్నది ఒకసారితో ఆగితే మీరు గట్టివాళ్లే.

పార్కులో నా పక్కన ఎవరూ ఆడట్లేదు. నిలబడగానే వెళ్లిపోతున్నారు. ఎందుకు?

మీ తల మీద కనిపించే అంకె వల్ల, మీ ఒంటి మీద చొక్కా వల్ల. ఆన్‌లైన్ పార్కులో కోర్టు పక్కన గుర్తు గీసిన చోట నిలబడి తర్వాతి ఆట కోసం ఎదురుచూడాలి. ముగ్గురు కలిస్తే జట్టు. రెండో వ్యక్తి వచ్చి నిలబడతాడు, మీ వైపు తిరుగుతాడు, 68 అని చూస్తాడు, పక్క కోర్టుకి నడిచిపోతాడు. నోరు విప్పి ఏమీ అనడు. గేమ్ ఇచ్చిన సాదా చొక్కాతో తిరిగేవాళ్లని 'బ్రౌన్ షర్ట్' అని వెక్కిరించడం ఈ లోకంలో పాత అలవాటు.

కంపెనీ ఎక్కడా "కొనండి" అని మిమ్మల్ని తరమాల్సిన పని లేదు. తోటి పిల్లలే ఆ పని చేసిపెడతారు. స్కూల్‌కి ఏ బూట్లేసుకొచ్చావని చూసే వయసు పిల్లలు ఆడే చోట ఇలాంటి ఏర్పాటు పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చని సంగతి. ప్యాక్‌లకన్నా కూడా.

దీన్ని 'పే టు విన్' (డబ్బు పెట్టినవాడిదే గెలుపు) అనొచ్చా? చేయి బాగుంటే గెలవొచ్చు అంటారు కదా.

చేయి బాగుంటే 75 రేటింగ్‌తో 90 వాడిని ఓడించొచ్చు, చూశాను కూడా. ఇద్దరి చేయీ సమానంగా ఉంటే 90 వాడిదే పైచేయి. త్రీ పాయింట్ రేటింగ్ ఎక్కువున్నవాడికి బటన్ వదిలే సమయంలో కాస్త తప్పినా బంతి పడుతుంది, తక్కువున్నవాడికి పడదు. ఇందులో వాదనకేముంది? మ్యాచ్‌కోసారి వాడేసే బూస్ట్‌లు కూడా వీసీతోనే కొనాలి. 'పే టు విన్' అనడం ఇష్టం లేనివాళ్లు 'డబ్బిచ్చి టైమ్ కొనడం' అంటారు. ఆ టైమ్‌ని అంత పొడుగు చేసిందెవరో మాత్రం చెప్పరు.

2కే18లో హెయిర్‌కట్ గొడవ అంటుంటారు, ఏంటది?

2017 సెప్టెంబరు సంగతి. మైకెరీర్‌ని మెనూల నుంచి తీసి, నడిచి తిరిగే వీధిలా మార్చారు. అందులో మంగలి షాపు ఒకటి. జుట్టు కత్తిరించుకోవాలంటే వీసీ. అదీ ముందు తలకి ఎలా ఉంటుందో చూపించకుండా. బాగోలేదా, ఇంకోసారి డబ్బు కట్టు. మా ఊళ్లో మంగలి కూడా అద్దం చూపించి మరీ అడుగుతాడు. జనం గోల చేశాక హెయిర్‌కట్లతో సహా కొన్నిటి రేట్లు తగ్గించారు. ఆ ఏటి కవర్ మీద కైరీ ఇర్వింగ్ క్లీవ్‌లాండ్ జెర్సీతో ఉండగా అతన్ని బోస్టన్‌కి ట్రేడ్ చేసేశారు, కవర్ మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. ఏ రకంగానూ వాళ్లకి కలిసిరాని సంవత్సరం అనుకుంటాం గానీ, ఆ పద్ధతులేవీ మూలపడలేదు.

కొన్న గేమ్‌లో యాడ్‌లు కూడా వస్తాయా?

వచ్చాయి. 2020 అక్టోబరులో 2కే21లో మ్యాచ్‌కి ముందు ఓక్యులస్ వీఆర్ హెడ్‌సెట్ ప్రకటన, దాటవేసే వీలు లేకుండా. మ్యాచ్‌కి ముందు రావాల్సింది కాదు, ఇకపై సరిచేస్తాం అన్నారు. వర్చువల్ వీధుల్లో బ్రాండెడ్ షాపులు, కూల్‌డ్రింక్ బోర్డులు మాత్రం మామూలే.

## మైటీమ్, ప్యాక్‌లు

ప్యాక్ తెరవడం జూదమే కదా?

మా చిన్నప్పుడు కిరాణా కొట్టు బయట అట్టకి చిన్న చిన్న చీటీలు అంటించి వేలాడదీసేవాళ్లు. అర్ధరూపాయిస్తే ఒకటి చింపొచ్చు. అట్ట పైభాగంలో బ్యాటు, బంతి ఊరిస్తుండేవి, చీటీలో మాత్రం ఎప్పుడూ బుడగో బిళ్లో. మైటీమ్ ప్యాక్‌కి దానికీ తేడా వెలుగుల్లోనే. ప్యాక్ నుంచి తీసిన కార్డు మెల్లగా తిరగడం, ముందు రంగు కనిపించడం, ఏ మెట్టు కార్డో, పింక్ డైమండా, గెలాక్సీ ఓపలా అని గుండె కొట్టుకోవడం, అన్నీ లెక్కకట్టి పెట్టినవే.

చట్టం దృష్టిలో జూదం అనాలంటే చాలా దేశాల్లో మూడు కావాలి: పందెం, అదృష్టం, విలువైన బహుమతి. మొదటి రెండూ ఉన్నాయి. మూడోదాని దగ్గర కంపెనీలు తప్పించుకుంటాయి, కార్డుని బయట డబ్బుగా మార్చుకోలేరు కాబట్టి విలువ లేదని. రాత్రి ఒంటి గంటకి ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ తెరిచేవాడి చేతికి మాత్రం ఆ తేడా తెలియదు. నేనైతే జూదమనే పిలుస్తాను.

బెల్జియంలో నిషేధించారంటారు, నిజమా?

గేమ్‌ని కాదు, డబ్బుతో ప్యాక్‌లు కొనడాన్ని. 2018 ఏప్రిల్‌లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని గేములు పరిశీలించి, డబ్బుతో కొనే లూట్ బాక్స్‌లు (లోపల ఏముందో తెలియని ఇలాంటి ప్యాక్‌లు) తమ జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఆ తర్వాత 2కే అక్కడి ఆటగాళ్లకి వీసీతో ప్యాక్‌లు కొనే వీలు తీసేసింది, ఆడి సంపాదించిన ఎంటీ పాయింట్లతోనే తెరవాలి. ఇక్కడ తమాషా ఏంటంటే, మార్పు చేస్తూనే, మీకు ఇది నచ్చకపోతే మీ ప్రజాప్రతినిధులతో మాట్లాడండని ఆటగాళ్లకి సలహా ఇచ్చింది. పిల్లలు ఎమ్మెల్యేకి అర్జీ పెట్టాలన్నమాట, మా ప్యాక్‌లు మాకు కావాలని. అలా మార్చినా బెల్జియంలో 2కే ఆగిపోలేదు, ఇప్పటికీ ఆడుతున్నారు.

2కే20 ట్రైలర్‌లో స్లాట్ మెషీన్ ఉందా, లేక ఎవరో ఎడిట్ చేసిందా?

ఎడిటింగ్ ఏం లేదు. 2019 ఆగస్టులో మైటీమ్ గురించి వాళ్లే వదిలిన ట్రైలర్‌లో తిరిగే చక్రం, స్లాట్ మెషీన్, పచింకో లాంటి బంతులాట వరసగా ఉన్నాయి, చుట్టూ కేరింతలు కొట్టేవాళ్లతో సహా. ఆ గేమ్‌కి యూరప్‌లో వయసు రేటింగ్‌లిచ్చే పెగి సంస్థ ఇచ్చింది 3 రేటింగ్, అంటే మూడేళ్ల పిల్లాడికీ ఓకే. ఫిర్యాదులొస్తే, ఇది జూదం నేర్పుతున్నట్టు కాదని పెగి సమర్థించుకుంది. 2020 నుంచి మాత్రం జూదాన్ని నేర్పే, గొప్పగా చూపించే కొత్త గేములకి 18 రేటింగ్ అని నియమం బిగించారు. అదే ఏడు ఏప్రిల్‌లో అమెరికా రేటింగ్ బోర్డు, లోపల ఏమొస్తుందో తెలియకుండా అమ్మే గేముల పెట్టెల మీద ఆ ముక్క రాయడం మొదలుపెట్టింది.

మన దగ్గర కొత్త ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది కదా, 2కే ప్యాక్‌లకి వర్తించదా?

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలవాలని ఆడే ఆటలని నిషేధించింది. దాని గురి రమ్మీ, బెట్టింగ్, ఫాంటసీ యాప్‌ల మీద. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలు సవరించింది కూడా వాటి కోసమే. కొత్త చట్టంలో పందెం అన్న మాటకి అర్థం విశాలంగా ఇచ్చారు, డబ్బిచ్చి కొన్న కాయిన్లు, టోకెన్లు కూడా అందులోకి వస్తాయి. కానీ ప్రతిఫలంగా లాభం వస్తుందన్న ఆశ కూడా ఉండాలి. వీసీని తిరిగి రూపాయలుగా మార్చుకునే దారి 2కేలో లేదు. నేను లాయర్‌ని కాను. మామూలు పాఠకుడిగా చదివితే, ప్యాక్‌ల కోసం రాసిన చట్టంలా అనిపించలేదు.

ప్యాక్‌లు కొనకుండా మైటీమ్ ఆడితే పనికొస్తుందా?

ఒంటరి ఛాలెంజ్‌లు ఆడుకుంటే పనికొస్తుంది. వేలంశాల ఉన్న ఎడిషన్ అయితే (2కే24లో తీసేసి, 2కే25లో మళ్లీ పెట్టారు) కార్డులు కొని అమ్మే ఓపికున్నవాళ్లు బాగానే జట్టు కడతారు. ఒక సంగతి మనసులో పెట్టుకోండి: సెప్టెంబరులో మీరు మురిసిపోయిన కార్డు సంక్రాంతికల్లా బెంచ్ మీద కూర్చుంటుంది. ప్రతి సీజన్‌కీ అంతకన్నా పెద్ద అంకె ఉన్న కార్డులు దింపుతారు. ఏడాది చివరికి దాదాపు అందరి జట్టులో అందరూ 99లే.

## డబ్బు పోయాక

మా అబ్బాయి మాకు చెప్పకుండా వీసీ కొన్నాడు. తిరిగొస్తుందా?

ఖర్చు పెట్టకముందే అడిగితే ఆశ ఉంది, ఖర్చయిపోతే కష్టం. స్టీమ్‌లో గేమ్‌కైతే 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కిస్తారు. గేమ్ లోపల కొన్నవాటికి ఆ హామీ లేదు. ప్లేస్టేషన్‌లో ఇలా వాడేసే సరుకు ఖాతాలో పడ్డాక సాధారణంగా వెనక్కివ్వరు. అయినా మైనర్ చేసిన కొనుగోలు అని స్టోర్ సపోర్ట్‌కి రాయండి, రసీదు మెయిల్ జతచేసి. బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టడం చివరి మార్గంగానే ఉంచుకోండి, చాలా స్టోర్లు ఆ పని చేస్తే ఖాతానే మూసేస్తాయి, కొన్న గేములన్నీ దాంతోపాటే పోతాయి.

మన దేశంలో కార్డుకి ఓటీపీ వస్తుంది కాబట్టి తండ్రి ఫోన్ మోగుతుంది. అమెరికాలో కన్సోల్‌లో కార్డు సేవ్ అయితే అంతే, బటన్ నొక్కితే అయిపోతుంది. తెలిసినవాళ్లింట్లో ఏడో తరగతి పిల్లాడు ఒక స్పోర్ట్స్ గేమ్‌లో (ఏ గేమో వద్దులెండి) పదేసి డాలర్ల చొప్పున కొంటూ పోయాడు. నెలాఖరున స్టేట్‌మెంట్‌లో వరసగా అదే పేరు చూసి వాళ్లమ్మ ఏదో సబ్‌స్క్రిప్షన్ అనుకుంది. పిల్లల ఖాతా విడిగా తెరిచి నెల ఖర్చు పరిమితి సున్నా పెట్టండి, రెండు నిమిషాల పని. హైదరాబాద్‌లోనైనా బజార్లో దొరికే వాలెట్ కోడ్‌లకి ఓటీపీ ఉండదు, పుట్టినరోజు డబ్బు అటు పోతోందేమో ఓ కన్నేయండి.

ఈ ఏడాది వీసీ వచ్చే ఏడాది గేమ్‌లోకి వస్తుందా?

రాదు. ఒకే ఏడాది గేమ్‌లో పీఎస్4 నుంచి పీఎస్5కి మారితే పర్సు వెంట వస్తుంది. 2కే25లో మిగిలింది 2కే26లోకి రాదు. ప్లేయర్ రాడు, కార్డులు రావు, చొక్కా కూడా రాదు. కొత్త సెప్టెంబరు, కొత్త 60.

సర్వర్లు ఆపేస్తే నా ప్లేయర్ ఏమవుతాడు?

ఆన్‌లైన్‌కి ముడిపడ్డదంతా పోతుంది. ఈమధ్య ఎడిషన్లకి రెండు మూడేళ్లలో తాళం వేస్తున్నారు. అంతకుముందు 2015లో 2కే14 సర్వర్లు ఏడాదిన్నర కూడా నిండకుండానే ఆపేస్తే జనం గోల చేశారు. మళ్లీ తెరిచి, ఇకపై 18 నుంచి 27 నెలలు నడుపుతామన్నారు. ఇలా ఆవిరైన వీసీ గురించి అమెరికాలో 2023లో కోర్టు కేసు కూడా పడింది. మీరు కొన్నది వీసీ కాదు, వీసీ వాడుకునే లైసెన్సు అని నిబంధనల్లో ఉంటుంది. ఎవరు చదువుతారు చెప్పండి, ఆడదామనే తొందరలో.

## వేరే దారి

ఇన్ని తిట్లు తిని కూడా ఎందుకు మారరు? పోటీ గేమ్ లేదా?

చెప్పుకోదగ్గది లేదు. ఈఏ అనే ఇంకో గేముల కంపెనీ వాళ్ల ఎన్‌బీఏ లైవ్ ఒకప్పుడు గట్టి పోటీ. 2010లో దాన్ని ఎలైట్ 11 అని పేరు మార్చి, విడుదల ముంగిట రద్దు చేసుకున్నారు. తర్వాత మళ్లీ లేచి, లైవ్ 19తో కన్సోళ్ల మీద ఆగిపోయింది. లైవ్ 20ని 2019లో విరమించుకున్నారు. అదే ఏడు జనవరిలో 2కే, ఎన్‌బీఏతోనూ ఆటగాళ్ల సంఘంతోనూ ఏడేళ్ల ఒప్పందం పొడిగించుకుంది, విలువ 110 కోట్ల డాలర్ల దాకా అని వార్తలొచ్చాయి. ఊళ్లో ఒకటే హోటల్ ఉంటే చట్నీ పలచబడుతుంది.

నెగటివ్ రివ్యూ రాస్తే ఏమైనా జరుగుతుందా?

కొంత. హెయిర్‌కట్ల రేటు తగ్గింది, వేలంశాల తిరిగొచ్చింది, పీసీకి సరైన వెర్షన్ వచ్చింది. ఇవన్నీ జనం అరిచాకే. వీసీ ధరల దగ్గరకి వచ్చేసరికి మాత్రం అరుపు పనిచేయలేదు. 2019లో గేమ్ సరిచేయమని హ్యాష్‌ట్యాగ్ నడిపినవాళ్లలో ఎంతమంది మరుసటి ఏడు మొదటి రోజే కొన్నారో నాకు తెలిసినవాళ్లలోనే లెక్కపెట్టగలను. నన్నూ కలుపుకుని.

రూపాయి అదనంగా పెట్టకుండా హాయిగా ఆడాలంటే ఏం చేయాలి?

సంక్రాంతి దాకా ఆగండి, ధర పడ్డాక కొనండి, నేరుగా మైఎన్‌బీఏకి వెళ్లండి. 2కే23 నుంచి అందులో 'ఎరాస్' (ఎన్‌బీఏ పాత కాలాలు) ఉన్నాయి: మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్‌ల 1980లు, జోర్డాన్ కాలం, కోబీ కాలం. తర్వాతి ఎడిషన్లలో లెబ్రాన్, కర్రీ కాలాలు కలిశాయి. పాత జెర్సీలు, పాత నియమాలు, 1980ల్లోకి వెళ్తే టీవీ బొమ్మ కూడా కాస్త మసకగా, అంచులు చెరిగినట్టు. మీరు జనరల్ మేనేజర్. బోస్టన్ బర్డ్‌ని లేకర్స్‌కి తెచ్చేస్తే ఏమవుతుందో చూడాలనుంటే చూడండి, ఎవరూ వీసీ అడగరు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వెర్షన్లలో ఎరాస్ ఉండవు, అక్కడ దొరికేది మైలీగ్. కొనే ముందు పెట్టె మీద ఏ కన్సోల్ పేరుందో ఒకసారి చూసుకోండి.